చర్మూలాకు ఇరవైకి నాలుగు

స్ఫాక్స్,
ఫిబ్రవరి మొదటి వారం

నజీహా అక్కా,

ముందే చెప్తున్నాను, ఇది ఏడుపు ఉత్తరం కాదు. నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేసిన మనిషి రాస్తున్నది. ట్యూనిస్‌లో రిదా అన్నయ్యతో కలిసి నడుపుకుంటున్న లాయరు ఆఫీసు వదిలేసి, మన ఊరికొచ్చి ఇంజనీరింగ్ స్కూల్లో కంప్యూటర్ పిల్లలకు పాఠాలు చెప్తానంటే ఇంటిల్లిపాదీ నెత్తీ నోరూ బాదుకున్నారు. నువ్వొక్కదానివే "వెళ్లవే సిహెమ్, నీకు నోరుంది, వాళ్లకు చెవులుంటాయి" అన్నావు. అక్కా, వాళ్లకు చెవులు లేవు. చెవులుండాల్సిన చోట పాటలు వినే తెల్లటి గుండీలేవో పెట్టుకుని కూర్చున్నారు.

క్లాసు పేరు "కృత్రిమ మేధ: నీతి, చట్టం." బోర్డు మీద ఆ పేరు రాయడం పూర్తయ్యేసరికే వెనక బెంచీ నిద్రకు పడింది. నేను ఊరుకుంటానా? "మీరు తయారుచేసిన యంత్రం ఒకాయనకి ఉద్యోగం ఇవ్వొద్దని చెప్పింది. ఆయన మీ గుమ్మంలోకొచ్చి ఎందుకని అడిగాడు. ఏం చెప్తారు?" అన్నాను.

షిహెబ్ అని ఒకడున్నాడు. క్లాసులో అందరికన్నా తెలివైనవాడు, అందరికన్నా ఆలస్యంగా వచ్చేవాడు కూడా వాడే. తాపీగా లేచి, "సర్వర్ డౌన్ అయిందని చెప్తాం మేడమ్," అన్నాడు. క్లాసంతా బల్లలు చరిచింది.

"తప్పెవరిదిరా అని అడుగుతున్నా!"

"డేటాది మేడమ్."

"ఆ డేటా ఎవరిది?"

"ఇంటర్నెట్‌ది."

పళ్లు నూరుకుంటూ పుస్తకం తెరిచి, వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం చదవడం మొదలుపెట్టాను. మన దేశంలో ఆ చట్టం దాదాపు వీళ్లతోపాటే పుట్టింది. ఇన్నేళ్లుగా ఒకే దేశంలో ఉంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి ఎక్కడినుంచో గురక. అప్పుడు ముందు బెంచీలో ఉమైమా, నేను దగ్గినా రాసుకునే బంగారు తల్లి, చెయ్యెత్తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?" అంది.

డైరెక్టరు సీ లస్సాద్ మంచాయనే. కాఫీ తెప్పించి, నెమ్మదిగా చెప్పాడు. "సిహెమ్ గారూ, ఈ క్లాసు ఈసారికి పెట్టి చూస్తున్నాం. జూన్‌లో కౌన్సిల్ కూర్చుంటుంది. పిల్లలు కావాలంటే ఉంటుంది. లేదంటే ఆ గంట నెట్‌వర్కుల మాస్టారికి ఇచ్చేస్తాం." అంటే జూన్ దాకా నాకు నూకలున్నాయన్నమాట. సాయంత్రం రిదా అన్నయ్య ఫోన్ చేసి, "నీ కుర్చీ తుడిపించి పెట్టా చెల్లాయ్, ఎప్పుడొస్తున్నావ్?" అని ఒకటే ఇకిలింపు. ఆ కుర్చీలో మళ్లీ కూర్చునేకన్నా రేవులో చేపలు అమ్ముకోవడం నయం. ఈ క్లాసు నాకు కావాలి అక్కా. ఎందుకంత పంతమో తెలీదు గానీ, చాలా కావాలి.

ఉత్తరం ఊళ్ల మధ్య తిరిగే లువాజ్ టాక్సీ డ్రైవర్ చేతికిస్తున్నాను. ట్యూనిస్‌లో బండి మారుతుంది. తోడుగా బాదం పొట్లం పెట్టాను. డ్రైవర్లు తినగా మిగిలింది నీది.

నీ
సిహెమ్


బిజెర్త్,
ఫిబ్రవరి, వాన వదలని రోజు

చెల్లీ సిహెమ్,

బాదం పొట్లంలో కాగితం క్షేమంగా చేరింది.

ఇంకా ఉత్తరాలేమిటి, ఫోన్ తియ్యొచ్చుగా అని నువ్వనుకుంటున్నావని తెలుసు. తియ్యను. నేను ఒక మాట కొట్టేలోపు ఆ ఫోను మిగతా వాక్యం తనే రాసి, పంపేయనా అంటుంది. అన్నేళ్లు జడ్జీగా కూర్చున్నానే, నా వాక్యం పూర్తి చేసే ధైర్యం ఏ లాయరుకీ లేకపోయింది. దాన్ని బీరువాలో దుప్పట్ల కింద పెట్టాను. అక్కడ దుప్పట్లతో చెప్పుకోమను.

ఇక నీ క్లాసు. వెర్రిదానా, చట్టం చదివితే ఎవరు మేలుకుంటారే? నా కోర్టులో గుమాస్తా సెక్షన్లు చదువుతుంటే నేనే కునుకు తీసేదాన్ని. తలుపు దగ్గర ఎవరో ఒక ముసలామె "నాకే ఎందుకయ్యా ఇలా చేశారు?" అని అరిస్తే మాత్రం కోర్టంతా లేచి కూర్చునేది. నీ క్లాసులో పోట్లాట లేదు. ఎవరికీ అన్యాయం జరగలేదు. ఉద్యోగం పోయిన ఆ మనిషెవరో వాళ్లకు తెలీదు, నీకూ తెలీదు. వాళ్లకు ప్రాణం పోయినా వదలని విషయం ఒకటి పట్టుకో. స్ఫాక్స్ పిల్లలకు అలాంటిది దొరక్కపోతే ఇంకెవరికి దొరుకుతుంది?

ఇక్కడ అంతా మామూలే. రంజాన్ వస్తోందంటే మా ఆడపడుచు మౌనియా అప్పుడే మొదలెట్టింది. "వదినా, ఈ ఈద్‌కి కూడా ఆ చేప మీద జామ్ చేస్తావా?" అని. ఉల్లిపాయా ఎండుద్రాక్షా పొద్దంతా నిలబడి కలియబెట్టి చేసిన మన ఊరి చర్మూలాని జామ్ అంటుంది! ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఇదే మాట. మా ఆయన రెండు చెంచాలు తింటాడు, అదీ జడ్జీ గారంటే భయంతో. మిగతాదంతా నేనొక్కదాన్నే వారాల తరబడి తింటాను. సరేలే, నా గోల నీకెందుకు.

అక్క
నజీహా


స్ఫాక్స్,
రంజాన్ మధ్యలో

అక్కా, నా బంగారు అక్కా,

నీ చేతులు కళ్లకద్దుకోవాలి! దొరికింది! పోట్లాట దొరికింది!

పోయిన వారం ఒక సాయంత్రం, ఇఫ్తార్‌కి ఇంకా చాలా టైముంది, అందరూ ఆకలితో నకనకలాడుతున్నారు. పాఠం సాగడం లేదు. ఎవరో ఈద్ పొద్దున తినే ఉప్పు చేప మాట ఎత్తారు. షిహెబ్ గాలిలో ముద్ద కలుపుతూ, "మా నానమ్మ చర్మూలా ముందు ఈ ఊళ్లో ఎవరిదైనా గంజే," అన్నాడు. అంతే. ఎప్పుడూ నోరు విప్పని ఉమైమా పెన్ను బల్ల మీద కొట్టి లేచింది. "మీ నానమ్మది మాడిపోయిన బొగ్గు! మా అమ్మది తిని మాట్లాడు!" అక్కా, గుండీలన్నీ చెవుల్లోంచి ఊడి పడ్డాయి. అందరూ లేచారు. నెట్‌వర్కుల మాస్టారు పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

నేను బోర్డు మీద రాశాను: "ఎవరి చర్మూలా గొప్పదో తేల్చే యంత్రం తయారుచేయండి."

ఇప్పుడు క్లాసుకి రమ్మనక్కర్లేదు, పొమ్మనాల్సొస్తోంది. ఇళ్ల నుంచి పాత పండగల ఫొటోలు తెచ్చారు. రంగు, చిక్కదనం, ఏమేం వేశారు, ఎంతసేపు ఉడికింది, అన్నీ కావాలి. అసలు తమాషా అక్కడే. అమ్మలు చెప్పరు! "ఎంతసేపు ఉడికిస్తావమ్మా?" అంటే "ఉడికేదాకా." "లవంగాలెన్ని?" "చేతికొచ్చినన్ని." ఉమైమా వాళ్లమ్మ పిల్లకే తప్పు లెక్క చెప్పి పంపింది, ఎందుకైనా మంచిదని. షిహెబ్ నానమ్మ అయితే ఫొటో తీస్తుంటే గిన్నె మీద కొంగు కప్పేసి, "ముందు చెప్పు, ఇది ఎవరు చూస్తారు, ఎంతకాలం దాస్తారు, ఆ పక్కింటి లతీఫా కంట పడదని ఎవరు హామీ?" అందట. నేను నెలంతా గొంతు చించుకున్న చట్టం ఆవిడ ఒక్క ఊపిరిలో అడిగేసింది. ఉమైమా అప్పటికప్పుడు కూర్చుని అనుమతి పత్రం రాసింది. లతీఫా పేరు అందులో ప్రత్యేకంగా పెట్టారు.

యంత్రానికి నేర్పాలంటే ముందు మనుషులు మార్కులు వేసి చూపించాలి కదా. పాత ప్లేట్లన్నిటికీ పిల్లలే ఇరవైకి మార్కులు వేశారు, గుండెల మీద చెయ్యి వేసుకుని, నిజాయితీగా వేస్తామని ఒట్టు పెట్టుకుని మరీ. ఈద్ రోజు పోటీ. ఎవరైనా వెబ్‌సైట్‌లో ఫొటో, వివరాలు పెట్టొచ్చు. సీ లస్సాద్‌కి ఒళ్లు తెలియని సంబరం. స్కూలు పేరు పెద్ద అక్షరాలతో వేయించి, వాళ్లమ్మ గారి ప్లేటు కూడా పెడుతున్నాడు. కౌన్సిల్‌కి తనే చెప్తాడట!

నా కాళ్లు నేల మీద ఆగడం లేదక్కా.

నీ
సిహెమ్


బిజెర్త్,
ఈద్ ఇంకో వారంలో

సిహెమ్,

ఇంట్లో వండిన తిండిని తీసుకెళ్లి యంత్రం ముక్కు కింద పెట్టడమా? సిగ్గులేని జనం. మా కాలంలో అమ్మలక్కలు నీ వంట బాగాలేదంటే కనీసం ముఖం చూసి చెప్పేవాళ్లు.

ఊరికే అడుగుతున్నాను, ఆ ఫొటో ఎండలో తీయాలా, నీడలోనా? రాగి గిన్నెలో పెడితే మంచిదా, మట్టి పళ్లెంలోనా? స్ఫాక్స్ బయట ఉన్నవాళ్లను రానిస్తారా? మా పొరుగున ఖదీజా అని ఒకావిడ ఉంది, ఆవిడ కోసం. ఆవిడ ఫోను బీరువాలో కాకుండా బయటే ఉంది, కాబట్టి నువ్వు అనుకోవాల్సిందేమీ లేదు.

తొందరగా రాయి. ఆవిడ నన్ను చంపుకు తింటోంది.

నజీహా


స్ఫాక్స్,
ఈద్ వెళ్లిన తర్వాత

అక్కా,

నవ్వాలో పారిపోవాలో తెలియడం లేదు. రెండూ చేస్తూ రాస్తున్నాను.

పండగ పొద్దున్నే యంత్రం తీర్పు చెప్పింది. మొదటి స్థానం షిహెబ్ నానమ్మ, ఇరవైకి ఇంచుమించు ఇరవై. వాడు వీధిలో చిందులు తొక్కాడు. సీ లస్సాద్ వాళ్లమ్మ గారికి పదకొండు. పండగ పూట ఆవిడ కొడుకుతో మాట్లాడలేదు. ఇక అందరికన్నా అడుగున ఎవరో తెలుసా? బిజెర్త్ నుంచి ఎవరో ఖదీజా! నీ పొరుగావిడే కదూ? పాపం, నాలుగు మార్కులు! కింద యంత్రం వాక్యం కూడా రాసింది: "ఇది చర్మూలా కాదు." నేనూ ఉమైమా పొట్ట పట్టుకుని, పడీ పడీ నవ్వాం. తేనె రంగులో ఉంది అక్కా! బిజెర్త్ వాళ్లకు ఇదంతా ఎందుకు చెప్పు?

ఆ నవ్వు మూడు రోజులే. స్కూలు పేరు మీద రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఫిర్యాదు వచ్చింది, ఆ ఖదీజా దగ్గర్నుంచే. అక్కా, అది ఫిర్యాదు కాదు, కత్తి. "నాకు మార్కు వేసింది ఎవరు? దేన్ని చూసి వేశారు? దానికి నేర్పినవాళ్లెవరు, వాళ్లకు ఈ పోటీలో బంధువులున్నారా? కారణం చెప్పకుండా ఒక మనిషి వంటను కాదని చెప్పే అధికారం ఎక్కడిది? జవాబిచ్చే మనిషి ముఖం నాకు చూపించండి." ప్రతి ప్రశ్నకీ కింద చట్టం. ఒక్క చోట వేలు పెట్టడానికి సందు లేదు. ఎవడో మహా ముదురు లాయరు రాసిచ్చి ఉంటాడు.

సీ లస్సాద్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "సిహెమ్ గారూ, స్కూలు పేరు బజారున పడుతుంది. వెబ్‌సైట్ తీసేయండి. క్షమాపణ రాసి పంపేద్దాం. ఈ క్లాసు కూడా ఈ వారంతో ఆపేస్తే మంచిది, జూన్ దాకా ఎందుకు?" అన్నాడు. నేను ఒక వారం గడువు అడిగాను. పిల్లలు బిక్కచచ్చిపోయారు. షిహెబ్ కూడా సర్వర్ డౌన్ అనలేదు.

ఏం చేయను అక్కా? ఇప్పుడిప్పుడే క్లాసు క్లాసులా ఉంది. ఇప్పుడే పోగొట్టుకోవాలా?

సిహెమ్


బిజెర్త్,
ఏప్రిల్

గౌరవనీయులైన చెల్లెలు గారికి,

ఉత్తరం అందినది. పడీ పడీ నవ్వినట్టు కూడా తెలిసినది.

ఖదీజాకి నీ మాటలు చేరవేశాను. తేనె రంగు గురించి ఆవిడ ఏమందో ఇక్కడ రాయను, లువాజ్ డ్రైవర్లు చదివే అలవాటున్నవాళ్లు.

సరే, నీ ప్రశ్నకు జవాబు. ఖబడ్దార్, వెబ్‌సైట్ తీసేశావో నాతో మాట్లాడకు. తీసేస్తే ఇంక అడగడానికి ఏం మిగిలింది? క్షమాపణ కూడా పంపకు. కారణం అడిగినవాళ్లకు క్షమాపణ ఇవ్వడమంటే ఆకలన్నవాళ్లకు దుప్పటి ఇవ్వడమే. మీ సీ లస్సాద్‌కి చెప్పు: "స్కూల్లో అందరి ముందూ విచారణ పెడతాం. పిల్లలే వాదిస్తారు. ఫిర్యాదు చేసినామెకి సరైన జవాబు దొరికితే క్లాసు జూన్ దాకా నడుస్తుంది, కౌన్సిల్‌కి వెళ్తుంది. దొరక్కపోతే ఆ రోజే నేనే బోర్డు తుడిచి వెళ్లిపోతాను." ఆయన ఒప్పుకుంటాడు. భయపడే మనుషులకు ఎవరైనా ముందు నిలబడతానంటే అంతకన్నా ఏం కావాలి?

ఖదీజా రాదు. మోకాళ్ల నొప్పులు. సాక్ష్యంగా గిన్నె పంపుతుందట. చర్మూలా కదా, పాడవదు.

ఒక్కటి అడుగుతాను. ఆ నాలుగు చూసి నిజంగా అంత నవ్వొచ్చిందా?

నజీహా


స్ఫాక్స్,
మే మొదట్లో, విచారణ అయిన సాయంత్రం

ఖదీజా గారికి,

అవును, నీకే. దొంగ ఖదీజా! ఆగు, వరసగా చెప్తాను, లేకపోతే నా గుండె పగిలిపోతుంది.

హాలు కిక్కిరిసిపోయింది. వేరే క్లాసుల పిల్లలు కిటికీలెక్కారు. అమ్మలు వచ్చారు. షిహెబ్ నానమ్మ ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. సీ లస్సాద్ తలుపు పక్కనే నిలబడ్డాడు, అవసరమైతే పారిపోవడానికి. న్యాయమూర్తి స్థానంలో నేను. ఖదీజా తరఫున ఉమైమా, యంత్రం తరఫున షిహెబ్.

షిహెబ్ మొదలుపెట్టాడు. "యంత్రానికి అమ్మ లేదు, నానమ్మ లేదు. దానికి పక్షపాతం ఎలా వస్తుంది?" చప్పట్లు.

ఉమైమా లేచింది. పాత ప్లేట్లకు పిల్లలు వేసిన మార్కులన్నీ తెర మీద పెట్టింది. అక్కా, ఒక్కొక్కళ్లూ వాళ్లింటి ప్లేటుకి ఇరవై, మిగతా ఊరంతటికీ ఆరూ ఏడూ! ఒక్కడు తప్పలేదు. గుండె మీద చెయ్యి వేసుకున్న నిజాయితీపరులందరూ అంతే! హాల్లో అమ్మలు ముసిముసిగా నవ్వుకుంటున్నారు, ఒకావిడ కొడుకుని అక్కడే ముద్దు పెట్టుకుంది. మరి షిహెబ్ నానమ్మ ఎలా గెలిచింది? వాడి పినతండ్రి పిల్లలు, మేనత్త పిల్లలు నలుగురు అదే క్లాసులో ఉన్నారు! అందరూ తినేది ఆ ఒక్క గిన్నెలోంచే! ఆ గిన్నెకి ఐదు ఇరవైలు పడ్డాయి. నల్లగా ఉంటేనే చర్మూలా అని యంత్రం నేర్చుకుంది.

"యంత్రానికి నానమ్మ లేదన్నావు," అంది ఉమైమా. "ఉంది. నీ నానమ్మే దాని నానమ్మ."

షిహెబ్ నోరెళ్లబెట్టాడు. నానమ్మ మాత్రం లేచి, "తప్పేముంది? దానికీ మంచి నానమ్మ కావాలిగా!" అంది. హాలు దద్దరిల్లింది.

అప్పుడు సాక్ష్యం. గెలిచిన నానమ్మదీ, ఓడిన ఖదీజాదీ, రెండు పళ్లేలు నా ముందు పెట్టారు, పేర్లు లేకుండా. న్యాయమూర్తి రుచి చూసి మార్కు రాయాలి. మొదటిది తిన్నాను, పధ్నాలుగు రాశాను. రెండోది నోట్లో పెట్టుకున్నాను. అక్కా, ఉల్లిపాయ నల్లబడకముందే దించిన తీపి. చివర్లో ఎండు గులాబీ మొగ్గల వాసన. నాకేం తెలియలేదు, చెయ్యి దానంతటదే ఇరవై రాసేసింది. తర్వాత తల తిరిగింది. ఈ ఊళ్లో గులాబీ మొగ్గలు నూరి వేసేది మన అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ పోయాక అలా చేసేది నువ్వొక్కదానివే.

కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ చూస్తున్నారు. లేచి నిలబడ్డాను. "నేను ఈ తీర్పు చెప్పకూడదు," అన్నాను. "ఇది మా అమ్మమ్మ గిన్నె. ఫిర్యాదు చేసింది మా అక్క. ఆ సంగతి నాకిప్పుడే తెలిసింది. అయినా చూడండి, తెలియకముందే ఇరవై వేసేశాను. మీరు చేసిందే నేనూ చేశాను. యంత్రమూ అదే చేసింది. తేడా ఒక్కటే, నేను లేచి తప్పుకోగలను. దానికి తప్పుకోవడం ఎవరూ నేర్పలేదు."

తర్వాత షిహెబ్ గొంతు: "మరి ఎవరు చెప్తారు మేడమ్ తీర్పు? ఇక్కడ అందరికీ అమ్మలున్నారు!"

వెతికారు. తోజర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే గస్సెన్ అనే కుర్రాడు దొరికాడు. ఎడారి ఖర్జూరాల సీమ వాడు, చర్మూలా ముఖం చూడలేదు. వాణ్ణి పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. రెండూ రుచి చూశాడు. "చేప మీద ఎండుద్రాక్షేంటండీ? రెండూ నాకు నచ్చలేదు," అన్నాడు. అమ్మలందరూ ఒక్కసారిగా లేచారు. వాడు బెదిరిపోకుండా తీర్పు చెప్పాడు. యంత్రం ఖదీజా వంట గురించి అన్న మాట కొట్టేయాలి. దాని బదులు "ఇలాంటివి నేను ఎక్కువ చూడలేదు" అని ఒప్పుకోవాలి. ప్రతి మార్కు పక్కన దానికి నేర్పింది ఎవరి ఇంటి పిల్లలో రాయాలి. ఆ పిల్లలే స్వయంగా వెళ్లి, ఫిర్యాదు చేసినామె ముఖం చూసి కారణం చెప్పాలి.

సీ లస్సాద్ తలుపు దగ్గర్నుంచి కదలకుండా చివరిదాకా విన్నాడు. "జూన్‌లో కౌన్సిల్‌కి పెడతాను. మిగతాది వాళ్లిష్టం," అని మాత్రం అన్నాడు.

ఎందుకు చెప్పలేదే నాకు? నేను నవ్వాను కూడా. తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ చెల్లి,
పదవీచ్యుత న్యాయమూర్తి


బిజెర్త్,
మే

సిహెమ్ తల్లీ,

సిగ్గుపడకు. నీ ఇరవైని నేను రోజుకు రెండుసార్లు చదువుకుంటున్నాను.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు నాకు చెల్లెలిగా మార్కు వేస్తావు. నాకు స్ఫాక్స్ వేసే మార్కు కావాలి. ఈ ఊరొచ్చి ఎన్నేళ్లయింది! ఇక్కడ నేను ఎప్పటికీ స్ఫాక్స్ మనిషినే. మౌనియా జామ్ అన్నప్పుడల్లా, పోనీ, మా ఊళ్లో దీని పేరేంటో మావాళ్లకు తెలుసు అని సర్దుకునేదాన్ని. ఆ యంత్రం నాలుగు వేస్తే నాకేం బాధలేదు, మన ఊళ్లో లతీఫాలు అంతకన్నా తక్కువే వేసేవాళ్లు. "ఇది చర్మూలా కాదు" అంది చూడు. అది చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను సిహెమ్. ఇక్కడా నాది కాదు, అక్కడా నాది కాదు అనిపించింది. ఏడ్చాను. తర్వాత లేచి, కళ్లు తుడుచుకుని, కాగితం తీశాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే కదా.

ఆ పిల్ల ఉమైమా వాదన మొత్తం రాసి పంపు. ఒక్క ముక్క వదలకుండా.

అక్క


స్ఫాక్స్,
జూన్, కౌన్సిల్ రోజు

అక్కా,

పొద్దున నేను చచ్చి బతికాను.

కౌన్సిల్ వాళ్లు ముందు క్లాసు చూస్తామన్నారు. పెద్దలందరినీ వెంటేసుకుని సీ లస్సాద్, వెనక నేను, కొత్త జాకెట్ వేసుకుని. తలుపు తీస్తే ఏముంది? ఖాళీ! ఒక్క పురుగు లేదు! బెంచీలు మాత్రం బుద్ధిగా కూర్చున్నాయి. నెట్‌వర్కుల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అదీ సంగతి. పిల్లలే రాని క్లాసు," అన్నాడు కౌన్సిల్ పెద్ద. నా గుండె జారి చెప్పుల్లో పడింది. రిదా అన్నయ్య తుడిపించిన కుర్చీ కళ్లముందు కనిపించింది.

అప్పుడు సీ లస్సాద్ తలుపు మీద అంటించిన కాగితం చూశాడు. షిహెబ్ చేతిరాత. అందరికీ వినబడేలా చదివాడు: "మా తీర్పు ప్రకారం మేం నష్టపరిచిన మనిషికి ముఖాముఖి కారణం చెప్పడానికి క్లాసు మొత్తం బిజెర్త్ వెళ్లింది. మాకు ఆలస్యమైతే దయచేసి మేడమ్‌ని తీసెయ్యకండి. అలా తీసేస్తే కారణం రాసివ్వాలి. మేం ఫిర్యాదు చేస్తాం."

సీ లస్సాద్ నవ్వాడక్కా. ఆ మనిషి నవ్వుతాడని నాకు తెలీదు. కౌన్సిల్ పెద్దకు కూడా అంటుకుంది. "ఇదంతా ఈ క్లాసులో నేర్చుకున్నదేనా?" అని అడిగాడు. "పొద్దునే లేవడం కూడా," అన్నాను నేను. క్లాసు ఉంటుంది! ఇకమీద ప్రతి ఏడూ! నెట్‌వర్కుల మాస్టారు కూడా చెయ్యెత్తాడు, వాళ్లావిడ కూడా పోటీలో ఉందట.

రిదా అన్నయ్యకు ఫోన్ చేసి, కుర్చీ అమ్మేయమన్నాను.

కానీ ఆ వెధవలు నాకొక్క మాట చెప్పలేదు! వచ్చారా? నీ ఇల్లు పీకి పందిరేశారా?

సిహెమ్


బిజెర్త్,
వాళ్లు వెళ్లిన మర్నాడు

చెల్లీ,

వచ్చారు. వస్తున్నామని ముందే కబురు పెట్టారు, నీకు చెప్పొద్దని కూడా. లువాజ్ బండ్లు వరసగా ఆగుతుంటే వీధిలో పెళ్లి అనుకున్నారు. ఒక్కొక్కడి చేతిలో వాళ్లింటి గిన్నె. మౌనియా తలుపు తీసి, "వదినా, నీ జామ్ ఊరు మొత్తం దిగింది," అంది.

గస్సెన్ తీర్పు చదివాడు. ఉమైమా కారణం చెప్పింది, నా ముఖం చూసే చెప్పింది, చూపు తిప్పుకోలేదు. ఇంకో పదేళ్లకు ఆ పిల్ల ఎదుట నిలబడే లాయర్లను తల్చుకుంటే నాకు జాలేస్తోంది. తర్వాత అందరూ తిన్నారు. రెండు రోజుల వంట గంటలో ఊడ్చేశారు. మౌనియా గుమ్మంలో నిలబడి చూసి చూసి, చివరికి ఒక పళ్లెం తెచ్చుకుంది. ఏమీ అనలేదు. రెండోసారి కూడా వడ్డించుకుంది. నేను కూడా ఏమీ అనలేదు, అంతటి నిగ్రహం నా ఉద్యోగంలో కూడా ఎప్పుడూ చూపించలేదు.

షిహెబ్ మూడు పళ్లేలు తిన్నాడు. చేతులు తుడుచుకుంటుంటే పట్టుకున్నాను. "ఏరా, యంత్రాన్ని పక్కన పెట్టు. నువ్వు చెప్పు, ఎంత?"

వాడు పళ్లెం వైపు చూశాడు, నా వైపు చూశాడు, తలుపు వేసుందో లేదో చూశాడు. "పంతొమ్మిది," అన్నాడు.

"ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించావురా?"

"ఇరవై మా నానమ్మది మేడమ్. అది డేటా కాదు, భయం."

అడగ్గానే కారణం చెప్పాడు, ముఖం చూసి చెప్పాడు. పంతొమ్మిదికి ఒప్పుకున్నాను సిహెమ్. పై కోర్టుకు వెళ్లను.

అక్క
నజీహా, స్ఫాక్స్ మనిషి